200 ఎంబీపీఎస్ ప్లాన్, డెస్క్‌టాప్ వైఫైకి మాత్రం 20 దాటట్లేదు

గవర్నర్‌పేట_గీక్
నమస్తే అందరికీ. ఇంటికి 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. హాల్లో టీవీ యూనిట్ దగ్గర ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె), దాని నుంచి చిన్న కేబుల్‌తో డ్యూయల్ బ్యాండ్ రౌటర్. డెస్క్‌టాప్ వెనక బెడ్‌రూంలో ఉంటుంది, మధ్యలో రెండు గోడలు. విండోస్ 11. క్యాబినెట్ వెనక యూఎస్‌బీ పోర్టులో గోరంత వైఫై డాంగిల్ పెట్టాను, దాని పెట్టె మీద 150 అని ఉంది. స్పీడ్‌టెస్ట్‌లో 16 నుంచి 22 మధ్య వస్తోంది, రాత్రి 9 దాటాక 8కి కూడా పడిపోతోంది. అదే గదిలో ఫోన్‌కి 80 పైన వస్తోంది. రౌటర్ పక్కన నిలబడితే ఫోన్‌లో 93. డ్రైవర్ అప్‌డేట్, రౌటర్ రీస్టార్ట్, డీఎన్ఎస్ మార్చడం అన్నీ అయిపోయాయి. కొత్త రౌటర్ కొనమంటారా?

స్పీడ్‌రాజా
మెష్ సెట్ (ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టే రౌటర్ల జట్టు) తీసుకోండి బ్రో. రెండు గోడలంటే మామూలు రౌటర్ వల్ల కాదు.

శ్రావ్య_ఈసీఈ
ఇప్పుడే ఏమీ కొనకండి. అదే గదిలో ఫోన్‌కి 80 వస్తోందంటే రౌటర్ సిగ్నల్ ఆ గదిదాకా బాగానే వస్తున్నట్టు. తేడా డెస్క్‌టాప్ వైపే ఉంది.

ముందు ఇది చూసి చెప్పండి: సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, అందులో హార్డ్‌వేర్ ప్రాపర్టీస్. లింక్ స్పీడ్, ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, ఛానెల్ అక్కడే ఉంటాయి. సిగ్నల్ శాతం కోసం కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్ కొట్టండి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి లొకేషన్ ఆన్‌లో లేకపోతే ఈ కమాండ్ పర్మిషన్ లేదంటుంది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్ చేసి మళ్ళీ కొట్టండి.

లింక్ స్పీడ్ అంటే డాంగిల్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరిన రేటు, మీకు అందే స్పీడ్ కాదు. అందులో సగం నుంచి 60-65 శాతం దాకా అసలు డేటాకి మిగులుతుంది. మిగతాది అంగీకార సందేశాలకీ, ఛానెల్ ఖాళీ అయ్యేదాకా ఆగడానికీ పోతుంది.

గవర్నర్‌పేట_గీక్
థాంక్సండీ. ప్రోటోకాల్ 802.11ఎన్, బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్, ఛానెల్ 9. లింక్ స్పీడ్ 72 చూపిస్తోంది, ఒక్కోసారి 39కి దిగుతోంది. సిగ్నల్ 62 శాతం.

శ్రావ్య_ఈసీఈ
సగం జవాబు ఇక్కడే ఉంది. ఒకే యాంటెన్నా, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉన్నప్పుడు 802.11ఎన్‌లో దక్కే గరిష్ఠ లింక్ 72.2. పెట్టె మీది 150 అంకె 40 మెగాహెర్ట్జ్ వెడల్పు దొరికితేనే. అపార్ట్‌మెంట్‌లో చుట్టుపక్కల నెట్‌వర్కులు ఉంటే రౌటర్ తనంతట తానే 20కి తగ్గుతుంది, తగ్గాలి కూడా. అంటే చుట్టూ ఎవరూ లేకుండా, సిగ్నల్ నిండుగా ఉన్నా ఈ డాంగిల్‌తో 40-45కి మించి రాదు. మీ ఫోన్ రెండు యాంటెన్నాలతో 5 గిగాహెర్ట్జ్ మీద నడుస్తోంది. రెండింటినీ పోల్చలేం.

విండోస్ చూపే శాతాన్ని డీబీఎంలోకి (సిగ్నల్ బలం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) మార్చడం తేలిక: సగం చేసి అందులోంచి 100 తీసేయండి. 62 అంటే మైనస్ 69. మైనస్ 60 లోపు ఉంటే బాగున్నట్టు, 67 దాకా పర్వాలేదు, 70 దాటితే రేటు దిగడం మొదలవుతుంది, 80 దగ్గర తెగిపోతూ ఉంటుంది.

ఇంకొకటి, ఛానెల్ 9. 2.4లో ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమే. 9లో కూర్చుంటే 6 వాళ్ళ రొదా, 11 వాళ్ళ రొదా రెండూ మీకే. అదే ఛానెల్‌లో ఉన్న పక్కింటి రౌటర్‌తో మీది వంతులు వేసుకుంటుంది. సగం మాత్రమే కలిసే ఛానెల్‌లో ఉన్నవాళ్ళ ప్యాకెట్లను మీ రౌటర్ చదవలేదు, అదంతా దానికి వట్టి శబ్దమే. మీ ప్యాకెట్లు పాడై మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తుంది. రాత్రి 8కి పడిపోవడానికి ఇదే కారణం కావచ్చు.

స్పీడ్‌రాజా
అయితే ఛానెల్ 13 పెట్టుకోవచ్చుగా, అక్కడ ఎవరూ ఉండరు. 40 మెగాహెర్ట్జ్ కూడా బలవంతంగా పెట్టొచ్చు.

నాంపల్లి_నెట్‌వర్క్
13 మన దేశంలో వాడొచ్చు గానీ, అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన డాంగిళ్లకు 12, 13 కనపడనే కనపడవు. నెట్‌వర్క్ పేరే మాయమైతది, అప్పుడు ఇంకో తలనొప్పి. ఇగ 40 మెగాహెర్ట్జ్ అంటవా, 2.4 బ్యాండే మొత్తం 83.5 మెగాహెర్ట్జ్. నువ్వొక్కడివే సగం పట్టుకుంటే బిల్డింగులో ఉన్నోళ్ళందరితో గుద్దుకుంటవ్. ఇండిపెండెంట్ ఇల్లు, చుట్టూ చేన్లు ఉంటే పెట్టుకో, అపార్ట్‌మెంట్‌ల వద్దు.

రాగితీగ
గవర్నర్‌పేట_గీక్ గారూ, డబ్బు ఖర్చు లేని పనులు ముందు చేద్దాం. డాంగిల్ క్యాబినెట్ వెనక ఉందన్నారు. అంటే ముందు ఇనుప పెట్టె, వెనక గోడ. దాని పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ గానీ పెన్‌డ్రైవ్ గానీ ఉందా? యూఎస్‌బీ 3.0 డేటా వెళ్ళేటప్పుడు పుట్టే రేడియో శబ్దం సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వేసింది. షీల్డింగ్ సరిగా లేని హార్డ్‌డిస్క్ కేబుల్ పక్కన ఉంటే డాంగిల్ వినే శక్తి బాగా తగ్గుతుంది.

చేయాల్సింది ఇది. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని డాంగిల్‌ని టేబుల్ మీదకి తెచ్చి, రౌటర్ ఉన్న వైపు కనపడేలా పెట్టండి. రౌటర్ పేజీలో ఛానెల్‌ని ఆటో నుంచి తీసి 1 లేదా 6 లేదా 11 చేయండి. ఏది ఖాళీగా ఉందో ఫోన్‌లో వైఫై అనలైజర్ యాప్ చూపిస్తుంది. నెట్‌వర్కుల సంఖ్య ఒక్కటే చూడకండి, వాటి బలం చూడండి. మైనస్ 88లో ఉన్న నాలుగు నెట్‌వర్కుల కన్నా మైనస్ 55లో ఉన్న ఒక్కటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

తర్వాత రౌటర్‌కి పింగ్ పెట్టండి: పింగ్ 192.168.1.1, లేదా మీ రౌటర్ చిరునామా ఏదైతే అది, ఆగకుండా ఓ రెండు నిమిషాలు. 2 నుంచి 5 మిల్లీసెకన్లు నిలకడగా ఉండాలి. మధ్యమధ్యలో 150, 300 అని ఎగురుతున్నా, టైం అవుట్ వస్తున్నా లోపం ఇంట్లోని వైర్‌లెస్‌లోనే, బయట ఫైబర్‌లో కాదు.

వీటన్నిటికన్నా ఆ ఫోన్‌లో వచ్చే 93 మీద నాకు అనుమానంగా ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

కోనసీమ_కోడర్
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మాది పాత లాప్‌టాప్, రౌటర్ పక్కనే ఉన్నా లింక్ స్పీడ్ సరిగ్గా 54. సిగ్నల్ 96 శాతం. కార్డు 802.11ఎన్ సపోర్ట్ చేస్తుంది, విండోస్ 10. ఎందుకు పెరగదు?

శ్రావ్య_ఈసీఈ
సరిగ్గా 54 దగ్గర ఆగిందంటే రౌటర్ సెక్యూరిటీ పేజీ చూడాల్సిందే. ఎన్‌క్రిప్షన్ పాత పద్ధతులైన టీకేఐపీ లేదా వెప్ మీద ఉంటే 802.11ఎన్ రేట్లు వాడకూడదని ఆ ప్రమాణంలోనే ఉంది, అందుకే 54 దగ్గర కట్టేస్తుంది. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ మాత్రమే పెట్టండి. రెండూ కలిపిన మిక్స్‌డ్ వద్దు. అదే పేజీలోగానీ, అడ్వాన్స్‌డ్‌లోగానీ డబ్ల్యూఎంఎం (వాయిస్, వీడియో లాంటి వాటికి ముందు దారిచ్చే సెట్టింగ్) అని ఉంటుంది. ఎవరైనా దాన్ని ఆపేసి ఉంటే అప్పుడూ 54 దాటదు. రెండూ సరిచేసి, లాప్‌టాప్‌లో ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ కొట్టి మళ్ళీ కనెక్ట్ అవ్వండి.

కోనసీమ_కోడర్
టీకేఐపీనే ఉంది! ఏఈఎస్ చేశాక లింక్ 144 చూపిస్తోంది. ధన్యవాదాలండీ.

గవర్నర్‌పేట_గీక్
రాగితీగ గారూ, పక్క పోర్టులో బ్యాకప్ హార్డ్‌డిస్క్ ఉంది నిజమే. ఎక్స్‌టెన్షన్ పెట్టి డాంగిల్‌ని టేబుల్ మీదకి తెచ్చాను, ఛానెల్ 1 చేశాను. సిగ్నల్ 84 శాతం. లింక్ 72 దగ్గర నిలకడగా ఉంది. స్పీడ్ 34 నుంచి 38. పింగ్ 3-4, ఎప్పుడైనా ఒక 20. రాత్రి కూడా 30 తగ్గలేదు.

నాంపల్లి_నెట్‌వర్క్
గంతే. ఆ డాంగిల్‌కి అదే ఆఖరు. 72ల సగం.

రాగితీగ
ఇప్పుడు 93 సంగతి. 200 ప్లాన్‌లో, రౌటర్ పక్కన, 5 గిగాహెర్ట్జ్ మీద ఫోన్‌కి 93 రావడం వైఫై లక్షణం కాదు. వైఫై వల్ల తగ్గితే అంకె ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది: 140, 170, 120. ఎన్నిసార్లు చూసినా 92-95 మధ్యే ఆగుతుంటే ఎక్కడో ఈథర్నెట్ 100 మెగాబిట్ల దగ్గర కుదిరినట్టు. 100 మెగాబిట్ లింక్ మీద హెడర్లు పోగా మిగిలే గరిష్ఠం 94.9. డెస్క్‌టాప్‌కి ఎంత మంచి కార్డు వేసినా ఇది సరిచేయకపోతే మీకు 94 దాటదు.

మూడు చోట్ల ఉండొచ్చు. రౌటర్ వ్యాన్ పోర్టే (ఓఎన్‌టీ నుంచి కేబుల్ వచ్చేది) 100 మెగాబిట్ అయి ఉండొచ్చు. వైఫై 1200 అని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసి, లోపల 100 మెగాబిట్ పోర్టులు పెట్టిన చవక రౌటర్లు బజార్లో చాలా ఉన్నాయి. ఆ 1200 అంటే 2.4లో 300, 5లో 867 కలిపిన మొత్తం, ఒక పరికరానికి అంత ఎప్పుడూ రాదు. రెండోది ఓఎన్‌టీ పోర్టు. కొన్నిటికి ఒక్క లాన్ పోర్టే గిగాబిట్, మిగతావి 100. మూడోది ఆ రెంటి మధ్య కేబుల్. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. 100కి నాలుగు చాలు, 1, 2, 3, 6 పిన్నులవి. మిగతా నాలుగింటిలో ఒక్క జత తెగినా, పిన్ను సరిగా కరవకపోయినా కనెక్షన్ పోదు, చప్పుడు చేయకుండా 100కి దిగుతుంది. అందుకే ఎవరూ పట్టించుకోరు.

రౌటర్ పేజీలో స్టేటస్ కింద వ్యాన్ లింక్ స్పీడ్ 100 ఉందా 1000 ఉందా చూడండి. పారదర్శకంగా ఉండే ఆర్‌జే45 ప్లగ్‌లోకి తొంగి చూస్తే ఎన్ని రంగుల తీగలు ఉన్నాయో కంటికే కనపడుతుంది.

గవర్నర్‌పేట_గీక్
వ్యాన్ లింక్ 100 అని ఉంది. రౌటర్ అడుగున మోడల్ చూసి వెతికితే గిగాబిట్ పోర్టులే. ప్లగ్‌లో చూస్తే నాలుగే తీగలు!

రాగితీగ
దొరికింది. ఒక మీటరు క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 ఫ్యాక్టరీ ప్యాచ్ కార్డ్ తెచ్చి మార్చండి. అంత పొట్టి దూరానికి చేత్తో క్రింప్ చేయించుకోవాల్సిన (తీగలకి ప్లగ్ నొక్కి బిగించుకోవాల్సిన) అవసరం లేదు.

గవర్నర్‌పేట_గీక్
మార్చాను. వ్యాన్ లింక్ 1000. రౌటర్ పక్కన ఫోన్‌లో 196, బెడ్‌రూంలో 150 అటూ ఇటూ. ఇక డెస్క్‌టాప్‌కి ఏం కొనాలి?

శ్రావ్య_ఈసీఈ
మదర్‌బోర్డులో ఖాళీ పీసీఐఈ ఎక్స్1 స్లాట్ ఉంటే ఇంటెల్ ఏఎక్స్210 చిప్ ఉన్న కార్డు తీసుకోండి. ఏఎండీ బోర్డుల్లోనూ పనిచేస్తుంది. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి జాగ్రత్త: విడిగా అమ్మే ఎం.2 కార్డుల్లో ఏఎక్స్201, ఏఎక్స్211 తీసుకోకండి. అవి ఇంటెల్ చిప్‌సెట్‌లోని సీఎన్‌వీఐ అనే ప్రత్యేక లింక్ ఉన్న బోర్డుల్లోనే నడుస్తాయి. కార్డుతో వచ్చే 9 పిన్నుల తీగని బోర్డు మీది యూఎస్‌బీ 2.0 హెడర్‌కి తగిలిస్తేనే బ్లూటూత్ వస్తుంది. వైఫైకి అది అక్కర్లేదు. డ్రైవర్ 64 బిట్ విండోస్‌కే ఉంది, మీది 11 కాబట్టి ఇబ్బంది లేదు.

యాంటెన్నాలు నేరుగా కార్డుకి బిగించేవి కాకుండా, తీగతో అయస్కాంతపు దిమ్మ ఉన్న రకం చూసుకోండి. కార్డు వెనక బిగించే యాంటెన్నాలు మళ్ళీ అదే ఇనుప పెట్టె వెనక దాక్కుంటాయి, డాంగిల్ కష్టమే మళ్ళీ. రెండూ గట్టిగా బిగించారో లేదో చూడండి. ఒకటి వదులైతే రెండు స్ట్రీములకి (ఒకేసారి నడిచే డేటా దారులకి) బదులు ఒకటే నడిచి లింక్ సగమవుతుంది.

క్యాబినెట్ విప్పడం ఇష్టం లేకపోతే యూఎస్‌బీ 3.0 డాంగిల్, బయటకి యాంటెన్నా ఉన్నది, ఏసీ1200 లేదా ఏఎక్స్1800. గోరంత సైజువి వద్దు. అంత చిన్న వస్తువులో యాంటెన్నాకి చోటే ఉండదు. ఏసీ600 అని అమ్మేవి 5లో ఒకే స్ట్రీమ్, 433. రౌటర్ ఉన్న గదిలో అయితే 200 ప్లాన్‌కి సరిపోతాయి, రెండు గోడల అవతల సరిపోవు.

స్పీడ్‌రాజా
160 మెగాహెర్ట్జ్ ఆన్ చేస్తే ఏఎక్స్210కి 2402 లింక్ వస్తుంది కదా.

నాంపల్లి_నెట్‌వర్క్
రౌటర్ కూడా 802.11ఏఎక్స్, 160 ఇచ్చేదైతేనే వస్తది. పైగా 36 నుంచి 64 దాకా ఛానెళ్లు మొత్తం పట్టాలె. అందులో 52 నుంచి పైవి రాడార్‌లతో పంచుకునేవి. రౌటర్ ఆ ఛానెల్‌లకు పోయే ముందు ఓ నిమిషం ఊకే వింటది, రాడార్ లెక్క కనపడితే ఖాళీ చేసి పోతది. అప్పుడు 5 గిగాహెర్ట్జ్ మాయమైందని మళ్ళీ ఈడికే వస్తరు. 200 ప్లాన్‌కి 80 వెడల్పు, ఛానెల్ 36 లేదంటే 149 శానా ఎక్కువ.

రెండు బ్యాండ్‌లకు ఒకటే పేరు ఉంటే విడదీయుండ్రి. లేకుంటే విండోస్ పోయి మళ్ళీ 2.4కే అతుక్కుంటది. పేర్లు విడదీయొద్దనుకుంటే డివైస్ మేనేజర్‌ల అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ప్రిఫర్డ్ బ్యాండ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి పెట్టుండ్రి. పక్కనే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌ల కరెంటు పొదుపు కోసం అడాప్టర్‌ని ఆపేసే టిక్ తీసేయుండ్రి.

రేపల్లె_రౌటర్
రౌటర్ టీవీ యూనిట్ దగ్గర ఉందన్నారు కదా, అది టీవీ వెనక గానీ అరలో గానీ ఉంటే బయటకి తీయండి. టీవీ వెనకంతా లోహపు పలకే. ఆ రెండు గోడల దారిలో ఇనుప బీరువా గానీ నిలువుటద్దం గానీ ఉందేమో కూడా చూడండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడని 5 గిగాహెర్ట్జ్ దాటుతుంది, తొమ్మిది అంగుళాలది కష్టం మీద దాటుతుంది, ఆర్‌సీసీ పిల్లర్ దగ్గర చాలా పోతుంది. బీరువా వెనక నీడ పడినట్టే. తలుపుకి స్టీలు దోమల జాలీ ఉన్నా సిగ్నల్ తగ్గుతుంది, నైలాన్ జాలీకి ఏమీ కాదు. రౌటర్ కర్రల్లాంటి యాంటెన్నాలు నిలువుగా ఉంచండి. వాటి సిగ్నల్ పక్కలకి పరుచుకుంటుంది, కొన వైపు దాదాపు ఏమీ రాదు. కాబట్టి కొనని గది వైపు గురిపెట్టడం వల్ల లాభం లేదు.

బైట్‌బుజ్జి
నాకు వేరే రకం. లాప్‌టాప్ లింక్ 866, ఫోన్‌లో 180 వస్తోంది, లాప్‌టాప్‌లో ఏ సైట్ నుంచైనా డౌన్‌లోడ్ 25 దగ్గర ఆగుతోంది. స్పీడ్‌టెస్ట్‌లో మాత్రం 100 పైన చూపిస్తోంది. వైరస్ ఏమైనానా?

శ్రావ్య_ఈసీఈ
నెట్ బూస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏదైనా వేశారా? అవి టీసీపీ ఆటో ట్యూనింగ్‌ని, అంటే జవాబు కోసం ఆగకుండా ఒకేసారి ఎంత డేటా అందుకోవచ్చో (రిసీవ్ విండో) విండోస్ తనే సర్దుకోవడాన్ని, ఆపేస్తుంటాయి. నెట్‌ష్ ఇంట్ టీసీపీ షో గ్లోబల్ కొట్టి రిసీవ్ విండో ఆటో ట్యూనింగ్ లెవెల్ చూడండి, నార్మల్ అని ఉండాలి. డిసేబుల్డ్ ఉంటే విండో 64 కిలోబైట్ల దగ్గర ఆగుతుంది. సర్వర్‌కి వెళ్ళి రావడానికి 20 మిల్లీసెకన్లు పడితే ఒక కనెక్షన్‌కి లెక్క ప్రకారం 26 ఎంబీపీఎస్ మించదు. స్పీడ్‌టెస్ట్ ఒకేసారి చాలా కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి అక్కడ బయటపడదు. అడ్మిన్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ ఇంట్ టీసీపీ సెట్ గ్లోబల్ ఆటోట్యూనింగ్‌లెవెల్ ఈక్వల్స్ నార్మల్ అని ఇస్తే తిరిగి వస్తుంది.

పనిలో పని, విండోస్ 20 శాతం బ్యాండ్‌విడ్త్ దాచుకుంటుందని, గ్రూప్ పాలసీలో సున్నా చేయమని తిరిగే చిట్కా వట్టిదే. ఏ ప్రోగ్రామైనా అడిగినప్పుడే ఆ రిజర్వేషన్ అమల్లోకి వస్తుంది, మిగతా వేళ మొత్తం మీదే. డీఎన్ఎస్ మారిస్తే పేజీ మొదలవడం త్వరగా అవ్వొచ్చు గానీ డౌన్‌లోడ్ రేటు మారదు. విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ మాత్రం చూడాల్సిందే. ఇంటర్నెట్‌లో వేరేవాళ్ళ పీసీలకి పంపే ఆప్షన్ ఆన్‌లో ఉంటే మీ అప్‌లోడ్ తినేస్తుంది.

బైట్‌బుజ్జి
డిసేబుల్డ్ అనే ఉందండీ. నార్మల్ చేశాక డౌన్‌లోడ్ 160 దాటింది. ఆ బూస్టర్ తీసేశాను.

గవర్నర్‌పేట_గీక్
కార్డు వచ్చింది, బిగించాను. అయస్కాంతపు దిమ్మ టేబుల్ మీద. 5 గిగాహెర్ట్జ్, ఛానెల్ 149, లింక్ 585, స్పీడ్ 188. రౌటర్ని టీవీ వెనక నుంచి కూడా తీశాను. బెడ్‌రూంకి కేబుల్ లాగితే ఇంకా మేలా? దాదాపు 15 మీటర్లు.

రాగితీగ
డౌన్‌లోడ్‌కి పెద్ద తేడా రాదు, ఇప్పుడే 188 వస్తోంది. గేములు, వీడియో కాల్స్ ఉంటే మాత్రం కేబులే. పింగ్ 1 లోపు వస్తుంది, రాత్రీ పగలూ ఒకేలా ఉంటుంది. ఈథర్నెట్‌కి 100 మీటర్ల దాకా అనుమతి, 15 లెక్కే కాదు.

క్యాట్ 6 తీసుకోండి, పూర్తి రాగిది అని అడగండి. అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవగ్గా వస్తాయి, వంచితే లోపల విరుగుతాయి, క్రింపింగ్ సరిగా నిలవదు. గోడ పైపులోంచి లాగేదానికి ఒంటి తీగ రకం వాడండి, సన్నటి పోగుల రకం ప్యాచ్ కార్డులకి. 230 వోల్టుల వైరింగ్ ఉన్న పైపులోకి మాత్రం దూర్చకండి, అది భద్రత సంగతి. పైపు వేరే లేకపోతే సీలింగ్ అంచున కేసింగ్ పట్టీలో తీసుకెళ్ళండి.

రెండు చివరలా టీ568బీ వరుసే ఉండాలి. ప్లగ్ కొక్కెం కిందకి, పిన్నులు పైకి, కేబుల్ మీ వైపు ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. మెలికలు 13 మిల్లీమీటర్లకి మించి విప్పకండి. పై తొడుగు ప్లగ్ లోపలికి వెళ్ళి నొక్కు కింద పడాలి, లేకపోతే రెండోసారి లాగినప్పుడే ఊడుతుంది. క్రింప్ చేసేవాళ్ళు నాలుగు తీగలు చాలంటే ఒప్పుకోకండి, ఎనిమిదీ పెట్టించి టెస్టర్‌లో 1 నుంచి 8 లైట్లూ వరుసగా వెలిగాకే డబ్బులివ్వండి.